లక్షద్వీప్‌లో రీఫ్ చేప నిజంగా తగ్గుతోందా, లేక అది సీజన్ మహిమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. లక్షద్వీప్‌లో ఒక దీవి ఒడ్డున పద్నాలుగు నెలలు కూర్చుని, రీఫ్ (పగడపు దిబ్బ) మీంచి, దానికీ దీవికీ మధ్య ఉండే లోతు తక్కువ నీళ్లు, అంటే లగూన్‌లోంచి వచ్చిన చేపని తూకం వేసి రాసుకున్నారు. జూన్ నుంచి ఆగస్టు దాకా చేప బాగా వచ్చింది. అక్టోబర్ తర్వాత సగానికి సగం పడిపోయింది, ఫిబ్రవరికి ఇంకా తగ్గింది. మీ గైడ్ గారు దీన్ని ‘అతివేట వల్ల వచ్చిన క్షీణత’ అని రాయమంటున్నారు. దీవివాళ్లేమో ‘ఏటా ఇంతే’ అని నవ్వేస్తున్నారు. థీసిస్‌లో ఎవరి మాట రాయాలి అని అడిగారు.

మీ గ్రాఫ్ వరకు దీవివాళ్ల మాటే రాయండి. కాకపోతే ఆ ‘ఏటా ఇంతే’లో ఒక మెలిక ఉంది. ఆ మెలిక చెప్పడానికే ఇంత పొడుగు సమాధానం రాస్తున్నాను, ఓపిక ఉన్నప్పుడు చదువుకోండి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది భీమిలి పక్క పల్లె. చేపల రేవుల్లో తూకాలు, కొలతలు రాసే పని ఇరవై రెండేళ్లు చేశాను. అందులో విడతలు విడతలుగా ఏడేళ్లు లక్షద్వీప్‌లో గడిపాను. మొదటి ఏడాది మీ పొరపాటే నేనూ చేశాను. ఇంకా ఘోరంగా కూడా చేశాను, అది కింద చెప్తాను.

మన తీరంలో పుట్టినవాడికి సీజన్ అనగానే ఒకటే గుర్తొస్తుంది. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవుతుంది, జూన్ 14 దాకా మెకనైజ్డ్ బోట్లు రేవులో కట్టేసి ఉంటాయి, నిషేధం తీసెయ్యగానే అందరూ ఒక్కసారిగా సముద్రం మీద పడతారు, రేవు చేపతో నిండిపోతుంది. చేప ఎక్కువుంటే లెక్క పెరుగుతుంది, లేకపోతే తగ్గుతుంది అని చిన్నప్పటి నుంచీ బుర్రలో పడిపోయి ఉంటుంది. అదే బుర్రతో లక్షద్వీప్ వెళ్తే అంతా తలకిందులుగా కనిపిస్తుంది.

ఎందుకంటే అక్కడ రీఫ్ వేట సీజన్‌ని నడిపేది ట్యూనా. జనం ఉండే దీవులు పది, అన్ని దీవులూ కలిపి నేల 32 చదరపు కిలోమీటర్లు. లగూన్లు మాత్రం 4,200 చదరపు కిలోమీటర్లు. అంత రీఫ్ గుమ్మం ముందే ఉన్నా వాళ్ల సంపాదన రీఫ్ దాటి లోతు నీళ్లలో ఉంది. అక్టోబర్‌లో సముద్రం నెమ్మదించిన దగ్గర్నుంచి ఏప్రిల్ దాకా తెల్లవారక ముందే బోట్లు వెళ్లిపోతాయి. ట్యూనా గుంపు కనపడగానే బతికున్న చిన్న చేపల్ని ఎరగా చల్లి, వాన పడుతున్నట్టు నీళ్లు చిమ్ముతారు. బోటు వెనక వరసగా నిలబడి, పొడుగాటి గెడలకు కట్టిన ముల్లులేని గేలాలతో ఒక్కో ట్యూనానీ తల మీదుగా విసిరి బోటులో పడేస్తారు. మినికాయ్ దీవి వాళ్ల పాత విద్య ఇది. 1960ల్లో ఇంజన్ బోట్లు వచ్చాక మిగతా దీవులకీ పాకింది.

జూన్ రాగానే నైరుతి గాలి మొదలవుతుంది. బోట్లని ఒడ్డుకి లాగేసి పైన కప్పేస్తారు. పడమటి తీరం నిషేధం కూడా అప్పుడే, జూన్ 1 నుంచి జూలై 31 దాకా. ట్యూనా ఆగిపోయిందని అన్నం తినడం ఆగదు కదా. చాలా దీవులు తూర్పు అంచున ఉండి, లగూన్ పడమటి వైపు పరుచుకుని ఉంటుంది. పెద్ద అలలు బయటి రీఫ్ మీదే విరిగిపోతాయి కాబట్టి లోపల ఎంతో కొంత వేట సాగుతుంది. అప్పటిదాకా ట్యూనా బోట్లలో ఉన్న కుర్రాళ్లు, బడి వదిలాక పిల్లలు, ముసలివాళ్లు అందరూ లగూన్‌లోనే ఉంటారు. ఒకడు విసురు వల, ఒకడు గేలం, ఒకడు ఈటె పట్టుకుంటాడు. నీళ్లు వెనక్కి తీసినప్పుడు ఆడవాళ్లు రీఫ్ మీద నడుస్తూ ‘అప్పల్’ కోసం బొరియల్లో వెతుకుతారు. అప్పల్ అంటే ఆక్టోపస్.

కాబట్టి మీ గ్రాఫ్‌లో జూన్‌లో పెరిగింది వేటకి వెళ్లిన మనుషులు, అక్టోబర్‌లో తగ్గిందీ వాళ్లే. నీళ్లలో చేప ఎంతుందో ఆ గ్రాఫ్‌కి తెలీదు.

ఇప్పుడు మీ నోట్‌బుక్ తీయండి. ప్రతి వేటకి ఎంతమంది వెళ్లారు, ఎన్ని గంటలు నీళ్లలో ఉన్నారు, ఏ పనిముట్టు వాడారు అన్నది రాసి ఉంటే మీ పద్నాలుగు నెలలు వృథా కాలేదు. ఒక ఉత్తుత్తి లెక్క చూడండి. జూలైలో ఒక సాయంత్రం పన్నెండు మంది రెండు గంటలు వల లాగి 48 కిలోలు తెచ్చారు అనుకోండి. జనవరిలో ఇద్దరు రెండు గంటలు తిరిగి 12 కిలోలు తెచ్చారు. తూకం ఒక్కటే చూస్తే నాలుగో వంతుకి పడిపోయింది, అయ్యో అనిపిస్తుంది. మనిషికి గంటకి ఎంత అని చూస్తే జూలైలో 2 కిలోలు, జనవరిలో 3. అలాగని జనవరిలో చేప పెరిగిందని రాసేయకండి. జనవరిలో ట్యూనా వదిలి రీఫ్‌కి వెళ్లేది బాగా చేయి తిరిగిన ఇద్దరే అయ్యుండొచ్చు. జూలై పన్నెండు మందిలో నలుగురు పిల్లకాయలు ఉండొచ్చు. పైగా ఒకటి వల, ఇంకోటి గేలం. వలని వలతో, గేలాన్ని గేలంతోనే పోల్చాలి.

ఎవరూ వేటకి వెళ్లని రోజు పేజీ ఖాళీగా వదలొద్దు. వెళ్లి ఉత్త చేతులతో వచ్చిన రోజు వేరు, అసలు వెళ్లని రోజు వేరు. రెండూ రాయండి, పక్కన కారణం రాయండి. గాలి, పెళ్లి, ఓడ వచ్చిన రోజు, ఇంజన్ రిపేర్, ఎర దొరకలేదు, ఏదైనా సరే.

ఎర సంగతి మరీ ముఖ్యం, చాలామంది వదిలేస్తారు. ట్యూనాకి వేసే బతికున్న ఎర లగూన్‌లోనే దొరుకుతుంది. మినికాయ్‌లో ‘హొండెలి’ అనే వేలెడంత చేప అందులో ఒకటి. ఎర సరిగా పడని రోజు సముద్రం ఎంత ప్రశాంతంగా ఉన్నా ట్యూనా బోటు కదలదు, ఆ మనుషులు గేలాలు తీసుకుని రీఫ్‌కి వెళ్తారు. మీ డేటాలో డిసెంబర్‌లోనో జనవరిలోనో ఉన్నట్టుండి రెండు మూడు రోజులు రీఫ్ చేప ఎగిసి ఉంటే ముందు ఎర సంగతి కనుక్కోండి.

తూకం దగ్గర కూడా ఒక మాట. నా మొదటి వానాకాలంలో ఒక సాయంత్రం, పదిహేను మంది లగూన్‌లో వల చుట్టి మెడలోతు నీళ్లలోంచి లాక్కొస్తున్నారు. నేను ఒడ్డున కొబ్బరిచెట్టు కింద తూనిక పెట్టుకుని దర్జాగా కూర్చున్నాను, ఎలాగూ ఇక్కడికే తెస్తారు కదా అని. వల ఇసుకకి తగలగానే అక్కడికక్కడే మట్టల మీద చేప కుమ్మరించారు. రాబిట్‌ఫిష్, చిలకచేపలు, మా వైపు గులివిందలు అనేవాటి చుట్టాలు, వెండి రంగు పిల్లచేపలు ఇన్ని. ఒక పెద్దాయన వంగి కుప్పలు పెట్టాడు. వల సొంతదారుడికి ఒకటి, లాగినవాళ్లకి తలా ఒకటి, మగదిక్కు లేని రెండు ఇళ్లకి రెండు. పిల్లలు అప్పటికే చేతికందినవి తీసుకుని పరిగెత్తారు. నేను తూనిక ఎత్తుకుని వెళ్లేసరికి సగం కుప్పలు ఇళ్లకి చేరిపోయాయి, మిగిలినవి తూకం వేసి ‘ఇవాళ్టి దిగుబడి’ అని రాసుకున్నాను. అలా ఎన్ని సాయంత్రాలు సగమే రాశానో. ఇంట్లో వండుకునే చేప అమ్మకం లెక్కల్లో అసలు కనపడదు, రీఫ్ వేటలో ఎక్కువ భాగం అలాంటిదే. తూకం ఒడ్డున కాదు, వల దగ్గర వేయాలి. బట్టలు తడుస్తాయి, తప్పదు.

ఇక నా అసలు పొరపాటు. మొదటి విడతలో పద్ధతిగా ఉండాలని రెండు వారాలకోసారి, మంగళవారం మంగళవారం, రోజంతా శాంపిల్ తీసేవాణ్ని. రెండేళ్లు అలా చేసి గ్రాఫ్ గీస్తే అద్భుతమైన అల వచ్చింది. కొన్ని నెలలు పైకి, కొన్ని నెలలు కిందకి, అల మొత్తం పొడవు తొమ్మిది నెలలు. చేపలు లోతుకి వలస వెళ్లి వస్తున్నాయని ఒక పేజీ వివరణ కూడా రాశాను. మేం పనిచేసే ఆఫీసులో ఎవరూ అడ్డు చెప్పలేదు. నేను అద్దెకున్న ఇంటి పెద్దాయన కాగితం చూసి, ‘తొమ్మిది నెలల సీజన్ ఎక్కడైనా ఉంటుందా? నువ్వు ఒడ్డుకొచ్చే రోజున చంద్రుడెక్కడుంటాడు?’ అన్నాడు.

ఆయన చదువుకుంది తక్కువ. కానీ ఆ ప్రశ్నతో నా రెండేళ్ల గ్రాఫ్ కూలిపోయింది. అమావాస్య నుంచి పౌర్ణమికి దాదాపు 14.77 రోజులు. పెద్ద పోటు, చిన్న పోటు దాన్నిబట్టే నడుస్తాయి. లగూన్ వేట, ముఖ్యంగా నడిచి చేసే వేట, పూర్తిగా పోటుమీదే ఆధారపడుతుంది. నేను వెళ్లేది 14 రోజులకోసారి. అంటే ప్రతిసారీ పోటు లెక్కలో ముప్పావు రోజు జరుగుతున్నాను. పంతొమ్మిది సార్లు వెళ్లేసరికి, అంటే సుమారు 270 రోజులకి, చుట్టు తిరిగి మొదటికే వచ్చాను. నా తొమ్మిది నెలల ‘వలస’ అదే. అందులో చేప తప్పు ఏమీ లేదు, నా క్యాలెండర్ తప్పు. కాబట్టి శాంపిల్ రోజుల్ని చీటీలు తీసి ఎంచుకోండి. లేదా నెలలో అమావాస్య, అష్టమి, పౌర్ణమి అన్నీ పడేట్టు చూసుకోండి. ప్రతి ఎంట్రీ పక్కన తిథి రాసుకోండి. మన ఇంటి గోడమీద పంచాంగం ఉండేది ఇందుకే అనిపించింది నాకు ఆ రోజు.

క్యాలెండర్ మాట వచ్చింది కాబట్టి రంజాన్ కూడా. దీవుల్లో దాదాపు అందరూ ముస్లింలు. ఉపవాసాల నెలలో వేటకి వెళ్లే వేళలు, మనుషుల సంఖ్య మారతాయి. ఆ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. 2016లో రంజాన్ జూన్‌లో మొదలైంది, అంటే సరిగ్గా లగూన్ వేట రోజుల్లో. 2024లో మార్చిలో, ట్యూనా మంచి ఊపులో ఉన్నప్పుడు. ఇది చూసుకోకుండా 2016 జూన్‌ని 2024 జూన్‌తో పోలిస్తే రంజాన్ తేడాని చేపల తేడా అనుకుంటాం. శుక్రవారాలదీ చిన్న స్థాయిలో ఇదే గోల.

గాలికీ మనుషులకీ ఉండే ఈ లంకె లక్షద్వీప్‌ది ఒక్కదానిదే కాదు. కెన్యా తీరంలో స్వాహిలీ జాలర్లు ఏడాదిని రెండు గాలులుగా విడదీస్తారు. సుమారు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా వీచే కుసి, నవంబర్ నుంచి మార్చి దాకా వీచే కస్కజి. కుసిలో సముద్రం గరుకుగా ఉండి లగూన్ లోపలే ఉంటారు, కస్కజిలో రీఫ్ దాటి దూరం వెళ్తారు. అక్కడా ‘ఎంత చేప వచ్చింది’ అనేముందు ‘ఏ గాలిలో, ఎక్కడ’ అని అడక్కపోతే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు మెలిక. ‘ఏటా ఇంతే’ అని చెప్పే మనిషి పోయినేడుతో పోలుస్తున్నాడు. ఆయన కింద ఉన్న పగడం పాతికేళ్లకు పైగా మారుతోంది.

1998లో సముద్రం వేడెక్కి పగడం తెల్లబడింది, అంటే వేడికి నీరసించి చావుకి దగ్గరైంది. 2010లో మళ్లీ, 2016లో మళ్లీ, 2024లో ఇంకోసారి. అగత్తి, కడమత్, కవరత్తి దీవుల రీఫ్‌ల మీద చేసిన దీర్ఘకాల పరిశీలనలో బతికున్న పగడం 1998లో సుమారు 37 శాతం ఉంటే 2022కి 19 శాతం దగ్గరికి వచ్చింది. ఇరవై నాలుగేళ్లలో సగం. మధ్యమధ్యలో కోలుకుంది కూడా. కానీ ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఊపిరి పీల్చుకునే టైం చాల్లేదు.

మరి పగడం సగమైతే చేప తూకం కూడా సగం కావాలి కదా అంటారు. కాదు, ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పగడం చచ్చిపోయినా దాని గూడు కొన్నేళ్లు నిలబడే ఉంటుంది. మనుషులు ఖాళీ చేసిన ఇల్లులాగా, గోడలుంటాయి. చేప ఆ సందుల్లోనే ఉంటుంది. చచ్చిన పగడం మీద నాచు పెరుగుతుంది, నాచు తినే రాబిట్‌ఫిష్, చిలకచేపలకి కొన్నాళ్లు పండగే. తర్వాత్తర్వాత తొలిచే జీవులు, వానాకాలపు అలలు కలిసి గోడలు కూలుస్తాయి. అప్పుడు దాక్కునే చోటు లేక చిన్న చేపలు, వాటిని తినే పెద్ద చేపలు పల్చబడతాయి. హిందూ మహాసముద్రంలోనే ఉన్న సీషెల్స్ దీవుల్లో 1998లో పగడం 90 శాతం దాకా పోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ల వేట లెక్కలు చూస్తే దిగుబడి కూలిపోలేదు, రాబిట్‌ఫిష్ లాంటి నాచుతిండి చేపలు దాన్ని మోశాయి. కాకపోతే ఒక చోట దండిగా పడితే ఇంకో చోట ఏమీ పడకపోవడం ఎక్కువైంది. జాలరికి అది చిన్న విషయం కాదు, డీజిల్ పోసుకుని గుడ్డిగా తిరగాలి. మొత్తం కిలోలు చూసే అధికారికి మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది.

అందుకే మొత్తం కిలోల్ని నేను పెద్దగా నమ్మను. ఏ జాతి, ఎంత పొడవు, ఎంత దూరం వెళ్తే దొరికింది అన్న మూడింటిని నమ్ముతాను.

చిలకచేప గురించి ఒక్క ముక్క, విషయం పక్కకి పోయినా సరే. అది పగడపు రాయిని కొరికి, పిండి చేసి, ఇసుకగా వదులుతుంది. మాల్దీవుల్లో ఒక దీవి రీఫ్ మీద లెక్క కడితే కొత్తగా పుట్టే ఇసుకలో 85 శాతం పైన చిలకచేపల పుణ్యమే అని తేలింది. ఇసుక దిబ్బ మీద బతికే వాళ్లకి ఆ చేప కూరకన్నా ఎక్కువ ఖరీదైనది. లక్షద్వీప్‌లో ట్యూనా పెరగడం వల్ల ఇన్నేళ్లు రీఫ్ చేప మీద ఒత్తిడి తక్కువగా ఉంది. పగడం దెబ్బతిన్న ప్రతిసారీ ఎంతో కొంత కోలుకోవడానికి ఆ నాచుతిండి చేపలు మిగిలి ఉండటం ఒక కారణం. 1960ల్లో ట్యూనా బోట్లు ఇచ్చినవాళ్లు రీఫ్‌ని కాపాడదామని ఇవ్వలేదు. కానీ జరిగింది అది.

మార్పంతా వేట వల్లో, వేడి వల్లో వస్తుందనుకోవద్దు. 2000ల మధ్యలో అగత్తి లగూన్‌లో పచ్చ తాబేళ్లు పెద్ద సంఖ్యలో చేరి సముద్రగడ్డిని మేసేశాయి. గడ్డిలో పెరిగే పిల్లచేపలకి చోటు పోయింది. జాలర్లు ‘తాబేళ్లొచ్చాక చేప పోయింది’ అని గొడవ చేశారు. బయటివాళ్లు అది మూఢనమ్మకం అనుకున్నారు. వెళ్లి కొలిస్తే జాలర్ల మాటలో నిజముందని తేలింది. తాబేలు చేపని తినదు, చేప ఉయ్యాలని తినేసింది.

ఇంకొన్నిసార్లు మార్పు ఒక్క ఉదయంలో వస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో, ఇప్పుడు శ్రీ విజయపురం, జంగ్లీఘాట్ రేవులో నిలబడితే మనకి ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. 2004 డిసెంబర్ 26 భూకంపంలో ఉత్తర అండమాన్‌లో నేల మీటరుకి పైగా లేచింది, నీళ్లలో ఉన్న రీఫ్ ఎండకి బయటపడి చచ్చిపోయింది. దక్షిణాన నేల కుంగింది. అలాంటి చోట 2000 నుంచి 2010 దాకా ఒకే గీత గీసి ‘ఏడాదికి ఇంత శాతం తగ్గింది’ అని చెప్పడం అర్థంలేని పని. ఆ తేదీ దగ్గర గీత తెంచి, రెండు ముక్కలుగా చూడాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే విషయానికి వస్తాను. సీజన్, దీర్ఘకాల మార్పు రెండూ ఒకే చోట కలిసేది గ్రూపర్ అనే పెద్ద రీఫ్ చేప దగ్గర.

బిత్ర అని ఉంది, జనం ఉన్న దీవుల్లో అన్నిటికంటే చిన్నది. 2011 జనాభా లెక్కల్లో 271 మంది. దాని రీఫ్ అంచున చలికాలపు అమావాస్యలకి చదరపు తోక గ్రూపర్లు గుడ్లు పెట్టడానికి గుంపులుగా చేరతాయి. మామూలు రోజుల్లో రీఫ్ అంతా చెల్లాచెదురుగా తిరిగే చేప, ఆ కొద్ది రోజులు మాత్రం జాతర్లోలాగా ఒక్కచోట చేరుతుంది. మగవి తలా ఒక చిన్న ముక్క ఆక్రమించుకుని కొట్టుకుంటాయి, ఆడవి గుంపులుగా వస్తాయి. శాస్త్రవేత్తలు అక్కడ చూసిన కిక్కిరిసిన సంఖ్యలు చాలా అరుదైనవి. కారణం ఆ చోటు జోలికి వేట అప్పటిదాకా పెద్దగా వెళ్లకపోవడమే. 2013 ప్రాంతంలో రీఫ్ చేపకి బయటి గిరాకీ పెరిగి వేట అక్కడికి చేరింది. కొద్ది ఏళ్లలోనే ఆ గుంపు బాగా పల్చబడిపోయింది.

దీన్ని మీ నోట్‌బుక్ వైపు నుంచి చూడండి. గుంపు దగ్గర గేలం వేసినవాడికి గంటకి వచ్చే చేప మొదటి ఏడాదీ బాగుంటుంది, రెండో ఏడాదీ బాగుంటుంది. ఎందుకంటే రీఫ్ మొత్తంలో చేప తగ్గినా, మిగిలినవన్నీ అదే చోటికి అదే అమావాస్యకి వస్తాయి. మనిషి-గంట లెక్క చదునుగా ఉంటుంది. ఉండి ఉండి ఒక చలికాలం ఏమీ పడదు. పైన నేను అంత నొక్కి చెప్పిన మనిషి-గంట లెక్క ఇక్కడ మోసం చేస్తుంది. అందుకే గ్రూపర్‌ని మిగతా రీఫ్ చేపలతో కలిపి ఒకే గీతగా గీయకండి. ఇంకో సంగతి. గ్రూపర్ జాతులు చాలావాటిలో చేప ఆడదిగా మొదలై, పెద్దయ్యాక మగదవుతుంది. పెద్దవాటిని ఏరి పడితే మగవి ముందు పోతాయి. తూకంలో అది కనపడదు, పొడవులో కనపడుతుంది.

మీ పద్నాలుగు నెలల్లో రెండు చలికాలాల ముక్కలు ఉంటాయి. డిసెంబర్ నుంచి మార్చి దాకా అమావాస్యకి ముందూ వెనకా రెండు మూడు రోజుల్లో గ్రూపర్ విడిగా ఎగిసిందేమో చూడండి. ఎగిసి ఉంటే మీ దీవి దగ్గర కూడా అలాంటి చోటు ఒకటి ఉందని అర్థం, ఎవరికో తెలుసని కూడా అర్థం. ఆ చోటు మ్యాప్ మాత్రం థీసిస్‌లో అచ్చేయకండి. ఇది నా సలహా మాత్రమే కాదు, బతిమాలుకుంటున్నాను.

పాత రోజుల సంగతి ఎలా తెలుసుకోవాలి అని చివర్లో అడిగారు. డానియల్ పాలీ అనే చేపల శాస్త్రవేత్త 1995లో చెప్పిన మాట ఉంది. చేపల శాస్త్రవేత్తల్లో ప్రతి తరం తాను పని మొదలుపెట్టిన రోజున ఉన్నదాన్నే ‘మామూలు’ అనుకుంటుంది, అందుకే మెల్లగా జరిగే నష్టం ఎవరికీ కనపడదు. జాలర్లకీ అంతే. కాబట్టి ముసలాయన్ని ‘అప్పట్లో చేప ఎక్కువుండేదా’ అని అడక్కండి. ఉండేది అనే చెప్తాడు, ఎవరైనా అదే చెప్తారు. ‘మీ పెద్దబ్బాయి పుట్టిన ఏడాది కూర చేప కోసం ఎంతదూరం వెళ్లేవారు? ఇప్పుడు మీ మనవడు ఎంతదూరం వెళ్తున్నాడు?’ అని అడగండి. ‘పట్టిన అతి పెద్ద గ్రూపర్ ఏ చోట, చెయ్యి చాపి పొడవు చూపించండి’ అనండి, టేపు పెట్టి కొలుచుకోండి. కొంచెం పెంచి చూపిస్తారు, అది మానవ సహజం. పది మందిని అడిగితే ఆ పెంపు సర్దుకోదు గానీ, తరాల మధ్య తేడా మాత్రం బయటపడుతుంది.

మగవాళ్లతో ఆగొద్దు. అప్పల్ పట్టే ఆడవాళ్లకి రీఫ్ మీద ఒక్కో బొరియ ఇంటి అడ్రస్‌లాగా తెలుసు. నీళ్లు వెనక్కి తీసిన ఒక్కో పాటులో ఎన్ని బొరియలు చూసేవారు, ఎన్నిట్లో దొరికేది, ఇప్పుడెన్ని చూడాల్సి వస్తోంది అని అడగండి. రీఫ్ మీద అడుగు అడుగునా నడిచే మనిషికి పగడం ఎక్కడ పొడి అయిపోయిందో మనకంటే ముందు తెలుస్తుంది.

ఇంకా, కొన్ని దీవుల్లో దక్షిణ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ సాయంతో జాలర్లే తమ వేట లెక్కలు పుస్తకాల్లో రాసుకుంటూ వచ్చారు. మీ దీవి అందులో ఉంటే వెళ్లి అడగండి. జూన్‌ని జూన్‌తో, జనవరిని జనవరితో పోల్చడానికి మీ పద్నాలుగు నెలలు చాలవు, ఆ పుస్తకాలు కలిస్తే చాలొచ్చు.

గైడ్ గారితో వాదించే పని పెట్టుకోకండి. అదే గ్రాఫ్‌ని మళ్లీ గీయండి. పైన మొత్తం తూకం, కింద అదే నెలలకి రీఫ్‌కి వెళ్లిన మనుషుల సంఖ్య, దాని కింద ట్యూనా బోట్లు కదిలిన రోజులు. మూడూ ఒకే కాగితం మీద పెట్టి ఆయన ముందు ఉంచండి, మీరేం మాట్లాడక్కర్లేదు. థీసిస్‌లో వాక్యం ఇలా ఉంటే చాలు: ‘ఈ కాలంలో రీఫ్ చేప దిగుబడి ప్రధానంగా వేటకి వెళ్లిన మనుషుల సంఖ్యని బట్టి, ఆ సంఖ్య ట్యూనా సీజన్‌ని బట్టి మారింది. దీర్ఘకాల క్షీణత ఉందా లేదా అన్నది ఈ డేటాతో చెప్పలేం.’ రెండో వాక్యం రాయడానికి సిగ్గుపడకండి. నేను ఒకప్పుడు సిగ్గుపడి తొమ్మిది నెలల వలస కనిపెట్టాను.

మీరు ఇంకా దీవిలోనే ఉంటే వచ్చే చలికాలం అమావాస్యలకి ఒక టేపు జేబులో వేసుకోండి. గ్రూపర్ కనపడితే మూతి నుంచి తోక దాకా పొడవు రాయండి, గుడ్లు ఉన్నాయేమో చూడండి. చేప కోసేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి పొట్టలో గుడ్లు ఏ వారం నుంచి కనపడుతున్నాయో వాళ్లని అడగండి. మీ మైక్రోస్కోప్ దీవికి చేరేలోపే వాళ్లు చెప్పేస్తారు.